పిట్టను చూడటం, ఫొటో తీయడం: మన పిల్లలతో నాలుగు మాటలు

(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

వెనక వరుసల్లో తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. ఫోన్లు లోపల పెట్టమని చెప్పను. ఈరోజు నా మాటంతా ఆ ఫోన్ల గురించే.

సంఘం వాళ్లు నన్ను "చదువు, ఉద్యోగాలు" అనే అంశం మీద మాట్లాడమన్నారు. ఆ అంశం మీద ఇరవై ఏళ్లుగా ప్రతి సభలోనూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు, నేనూ మాట్లాడాను. అందుకే పెద్దలను అడిగి అంశం మార్చుకున్నాను. ఆగస్టు 9ని మనం పండగలా చేసుకుంటున్నాం గదా. 1982లో ఆదివాసీల సంగతి మాట్లాడటానికి ఐక్యరాజ్యసమితి వేసిన బృందం మొదటిసారి కూర్చున్న రోజు ఇది. అక్కడ కూర్చున్నవాళ్లు భూమి గురించి, భాష గురించి, మన తెలివి గురించి మాట్లాడారు. భూమి గురించి మనమూ మాట్లాడతాం. తెలివి గురించి మాత్రం తక్కువ. మనకు తెలిసినదాన్ని తెలివి అనుకోవడం మనకే అలవాటు లేదు.

నేను యానాదుల ఆడపిల్లని. మా నాయన దామలచెరువు చుట్టుపక్కల మామిడి తోటలకు కావలి ఉండేవాడు. ఆయనకు అక్షరం రాదు. కానీ పొద్దున్నే తోటలో ఒక చుట్టు తిరిగి వస్తే రాత్రి జరిగినదంతా చెప్పేసేవాడు. గుర్తు మీద మంచు పడి ఉంటే అది తెల్లవారుజాముకు ముందు నడిచింది. గుర్తు అంచు ఇంకా విరగకుండా పదునుగా ఉంటే ఇప్పుడే పోయింది. గుర్తు మీదుగా చీమలబారు పోయిందంటే ఎప్పటిదో. గుర్తుల మధ్య దూరం పెరిగిందంటే దేనికో భయపడి పరిగెత్తింది. గింజలున్న పెంట కనబడితే పునుగు పిల్లి వచ్చిందనేవాడు, అది ఏ చెట్టు మీదుగా దిగిందో చూపించేవాడు. టీచర్ ట్రైనింగులో మాకు "పరిశీలన, ఊహ, నిర్ధారణ" అని ఒక పాఠం ఉండేది. మేడం ఆ మాటలు బోర్డు మీద రాస్తుంటే నాకు మా నాయన చెప్పులు గుర్తొచ్చాయి. ఈ పాఠం ఆయన రోజూ చెప్పేదే గదా అనిపించింది.

ఇంకో మాట చెప్తా. మన పక్కనున్న కడప జిల్లాలో కలివికోడి అని ఒక పిట్ట. పొదల మధ్య, రాళ్ల నేలలో, రాత్రిపూట తిరుగుతుంది. 1848లో దాన్ని శాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కించారు. 1900 తరవాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందని రాసేశారు. 86 ఏళ్లు గడిచాయి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే పరిశోధకుడు ఊరూరా బొమ్మ చూపించి ఈ పిట్టను చూశారా అని అడుగుతూ తిరిగాడు. చివరికి 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర అయితన్న అనే పిట్టలు పట్టే ఆయన రాత్రి టార్చి వెలుగులో ఆ పిట్టను ప్రాణంతో పట్టుకున్నాడు. లోకమంతా పోయిందనుకున్న పిట్ట. పట్టినది ఎక్కువ రోజులు బతకలేదు. అయితే పిట్ట ఉందని తేలింది. దాని కోసం లంకమల అడవిని అభయారణ్యం చేశారు. తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

ఇక్కడ ఒకటి ఆలోచించండి. 86 ఏళ్లు ఆ పిట్ట ఎక్కడికీ పోలేదు. అక్కడే తిరిగింది, అక్కడే గుడ్లు పెట్టింది. అడవిలో తిరిగేవాళ్లకు దాని పేరు కూడా తెలుసు. పుస్తకం రాసేవాళ్లకు, పేరు తెలిసినవాళ్లకు మధ్య మాట లేదు, అంతే. ఆ మాట కలిసిన రోజున దొరికింది.

తరవాత 2000 దాటాక పరిశోధకులు అదే అడవిలో ఏం చేశారో తెలుసా? నేల మీద సన్నమట్టి పట్టీలుగా పరిచి, చదును చేసి, పొద్దున్నే వచ్చి ఏ పిట్ట అడుగులు పడ్డాయో చూసుకున్నారు. పక్కన వేడికి తనంతట తానే ఫొటో తీసుకునే కెమెరా పెట్టారు. దాని మీద పెద్ద పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. మంచి పని, నాకు గౌరవమే. ఆ మట్టి పట్టీ గురించి చదివినప్పుడు మాత్రం నవ్వొచ్చింది. మా నాయన తోట గట్టు మీద చీపురుతో ఊడ్చి పెట్టేది ఇదే గదా, దొంగ ఏ దారిన వస్తాడో చూడటానికి!

సరే, మన జిల్లాలోకి వద్దాం. మనం ఉండేది మామూలు చోటు కాదు. శేషాచలం కొండలను 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. అందులో శ్రీవేంకటేశ్వర జాతీయ వనం 1989 నుంచి ఉంది. ఆ కొండల్లో దేవాంగ పిల్లి ఉంది, రాత్రిపూట పెద్ద కళ్లతో కొమ్మల మీద నిదానంగా నడిచేది. రాతి సందుల్లో బంగారు బల్లి ఉంది. రాతి గుట్టల మీద పసుపు గొంతు బుల్‌బుల్ ఉంది, దక్షిణ భారతంలో కొన్ని కొండల మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. మదనపల్లె అవతల హార్సిలీ కొండ మీద కూడా దాన్ని చూడొచ్చు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవిలో ఏనుగులు. ఇటు సూళ్లూరుపేట వైపు పులికాట్ సరస్సు, శీతాకాలంలో వేలల్లో ఫ్లెమింగోలు. దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో నీళ్లలో నిలబడిన కడప చెట్ల మీద గూడబాతుల గూళ్లు.

నేలపట్టుకు పోయినప్పుడు ఆ ఊరివాళ్లతో మాట్లాడండి. పిట్టల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని వాళ్లు చెప్తారు. పిట్టను కాపాడితే పంట బాగుంటుందని వాళ్లకు ఎవరూ క్లాసు చెప్పలేదు. పులికాట్ ఒడ్డున నిలబడితే అవతల శ్రీహరికోట కనబడుతుంది. అక్కడ మన యానాదుల ఊర్లుండేవి. రాకెట్ కేంద్రం వచ్చాక చాలా కుటుంబాలు బయటికి రావాల్సి వచ్చింది. ఫ్లెమింగో పండగ 2001లో మొదలైంది. పండగకు పోయే పిల్లలకు ఈ సంగతి కూడా తెలియాలని చెప్తున్నా, అంతే.

ఇంత చెప్పినా, దూరం పోనక్కరలేదు. నేను హాస్టల్ ఆడపిల్లలతో మొదలుపెట్టింది మా హాస్టల్ వెనక బీడులోనే. ఒక పిట్ట గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఏమీ అనుకోకండి.

తీతువు. అందరికీ తెలిసిందే. రాత్రి అది అరిస్తే చావు కబురు వస్తుందని మా అవ్వ లేచి కూర్చునేది. మా హాస్టల్లోనూ పిల్లలు భయపడేవాళ్లు. "మేడం, తీతువు అరిచింది, మా ఇంటికి ఫోన్ చేయండి" అని రాత్రి పదకొండుకు తలుపు కొట్టినవాళ్లున్నారు. ఫోన్ చేసేదాన్ని, ఇంటిదగ్గర అందరూ బాగానే ఉండేవాళ్లు. తరవాత ఒక ఎండాకాలం, సెలవులకు ఇంటికి పోలేని పదిమంది పిల్లలతో, అది అసలు ఎందుకు అరుస్తుందో చూద్దామని కూర్చున్నాం.

బీడులో గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు. గూడు లేదు, ఏమీ లేదు. రాయి రంగూ గుడ్డు రంగూ ఒకటే. అడుగు దూరంలో నిలబడినా కనబడవు. మేము వేపచెట్టు కింద, చాలా దూరంలో కూర్చున్నాం. మనిషి వచ్చినా, కుక్క వచ్చినా, గద్ద నీడ పడినా తీతువు లేస్తుంది, అరుస్తుంది. అయితే గుడ్ల దగ్గర నుంచి ఎగరదు. ముందు మెల్లగా, తల వంచుకుని, పదిహేను ఇరవై అడుగులు నడిచి, ఆ తరవాత లేచి అరుస్తుంది. చూసేవాడు అది లేచిన చోట గుడ్లున్నాయనుకుంటాడు. దీన్ని కనిపెట్టింది ఏడో తరగతి పిల్ల. నేను కాదు.

మధ్యాహ్నం ఎండ మండుతుంటే ఇంకొకటి చూశాం. జంటలో ఒకటి పోయి నీళ్ల తొట్టి పక్కన కారిన నీళ్లలో పొట్ట ముంచుకుని వచ్చి, తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుంది. తరవాత రెండోది పోయింది. వంతులు. గుడ్లను పొదగడమంటే వెచ్చగా ఉంచడమని మనం పాఠం చెప్తాం. మన ఎండలో పొదగడమంటే చల్లగా ఉంచడం కూడా. ఇది పక్షిశాస్త్రంలో బాగా తెలిసిన సంగతే, కానీ మా పిల్లలు చదివి తెలుసుకోలేదు, చూసి తెలుసుకున్నారు.

ఆ తరవాత ఎవరూ రాత్రి నా తలుపు కొట్టలేదు. తీతువు అరిస్తే "కుక్క వచ్చినట్టుంది మేడం" అంటున్నారు.

ఇప్పుడు ఫొటో సంగతి. ఆ తీతువు గుడ్లను దగ్గరికి పోయి ఫోన్‌తో తీయాలని ఎవరికైనా అనిపిస్తుంది. బొమ్మ బాగా వస్తుంది, లైకులు వస్తాయి. మన లెక్కలు చేద్దాం. మీరు గుడ్ల దగ్గర పది నిమిషాలు నిలబడితే పది నిమిషాలు తల్లి రాదు. మే నెల ఎండలో ఆ రాళ్ల మీద పది నిమిషాలంటే గుడ్డు లోపల పిల్ల ఉడికిపోతుంది. పైగా కాకి చూస్తుంటుంది. మనిషి వంగి చూసిన చోట ఏదో ఉందని కాకికి మనకన్నా బాగా తెలుసు. మీరు నడిచిన దారి వాసన పట్టుకుని కుక్కో ముంగిసో వస్తుంది. మీ ఫొటోలో గుడ్లు అందంగానే ఉంటాయి. మరుసటి రోజు ఆ నేల మీద మాత్రం ఉండవు.

అందుకే గూటి ఫొటో వద్దు. పిల్లలున్న గూడు అసలే వద్దు. ఇది నేను మీకు పెట్టే ఒకే ఒక్క కచ్చితమైన నియమం. మిగతావన్నీ సలహాలు.

మీ చేతిలో పెద్ద లెన్సు కెమెరా లేదు, నాకు తెలుసు. ఆ లెన్సు ధర మన హాస్టల్ వంట సరుకుల బిల్లుతో పోటీ పడుతుంది. ఫోన్‌తో చిక్కేమిటంటే జూమ్ చేసేకొద్దీ బొమ్మ పగిలిపోతుంది. కాబట్టి దగ్గరికి పోవాలనిపిస్తుంది, పోతే పిట్ట ఎగిరిపోతుంది. దీనికి ఉపాయం మన తాతల దగ్గరే ఉంది. పిట్ట దగ్గరికి మనం పోకూడదు, పిట్ట వచ్చే చోట మనం ముందే కూర్చోవాలి. వేటకు పోయినవాళ్లు చేసింది అదే. నీళ్లు ఎక్కడున్నాయి, ఏ మర్రిచెట్టు పండింది, గాలి ఎటు వీస్తోంది అని చూసుకుని, పొద్దు పొడవకముందే పోయి కూర్చోవడం. సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. తెల్ల చొక్కా, ఎర్ర చొక్కా వద్దు. అరగంట కదలకుండా ఉంటే చుట్టుపక్కల పిట్టలు మిమ్మల్ని లెక్క చేయడం మానేస్తాయి. మన పిల్లలకు ఈ ఓపిక ఉంది. సెల్లు వచ్చాక కొంచెం తగ్గింది, పోలేదు.

రెండోది, పిట్టను తెర నిండా తీయాలనే ఆశ వదిలేయండి. పిట్ట చిన్నగా ఉండనీ. అది కూర్చున్న కొమ్మ, కింద గేదె, వెనక చెరువు, అన్నీ కనబడనీ. పసులపోలిగాడు ఒక్కడినే తీస్తే నల్ల పిట్ట బొమ్మ, అంతే. బర్రె వీపు మీద కూర్చుని, దాని కాళ్లకు ఎగిరే పురుగుల కోసం కాచుకున్నప్పుడు తీస్తే అందులో ఒక కథ ఉంది. వాడి పేరే అది గదా, పసుల వెంట తిరిగేవాడు. మన పెద్దవాళ్లు పిట్టలకు పెట్టిన పేర్లలోనే సగం పరిశీలన ఉంది. మీ మీ భాషల్లో, యానాదుల్లో, ఎరుకల భాషలో, సుగాలి భాషలో, నక్కలవాళ్ల భాషలో, పిట్టల పేర్లు ఏమున్నాయో మీ అవ్వాతాతలను అడిగి రాసిపెట్టండి. ఆ పేర్లు ఏ యాప్‌లోనూ లేవు.

యాప్ అంటే గుర్తొచ్చింది. మెర్లిన్ అని ఒకటి ఉంది, డబ్బు కట్టక్కరలేదు. పిట్ట కూత వినిపిస్తే ఏ పిట్టో చెప్తుంది, కొన్నిసార్లు తప్పు చెప్తుంది. ఈబర్డ్‌లో మీరు చూసిన పిట్టల పట్టిక, చోటు, సమయంతో నమోదు చేయొచ్చు. అది ప్రపంచంలో పరిశోధకులందరూ వాడుకునే లెక్క. తిరుపతిలో ఐసర్ సంస్థ ఉంది, అక్కడ పక్షుల మీద పరిశోధన చేసే బృందం ఉంది. డిగ్రీ చదివే పిల్లలు ఒకసారి ఆ గడప తొక్కండి. భయపడకండి. వాళ్లకు కావలసినది మీ దగ్గర ఉంది.

కూత సంగతిలో ఒక హెచ్చరిక. కొందరు ఫోన్‌లో పిట్ట కూత పెట్టి అసలు పిట్టను దగ్గరికి రప్పించి ఫొటో తీస్తారు. పిట్టకు అది పాట కాదు. తన చోటులోకి ఇంకో మగపిట్ట దూరిందని అనుకుంటుంది. మేత మానేసి, గూడు వదిలేసి, లేని శత్రువు కోసం గంటసేపు కొట్టుకుంటుంది. మీ ఇంటి ముందు ఎవడో నిలబడి రోజూ మీ నాయన పేరు పెట్టి తిడితే ఎలా ఉంటుంది? అట్లా. రాత్రి తిరిగే జంతువు కళ్లలోకి ఫ్లాష్ కొట్టడం కూడా అంతే.

ఇంకొకటి ఉంది, చాలామందికి తట్టదు. మీరు దేవాంగ పిల్లినో, నక్షత్ర తాబేలునో చూశారనుకోండి. ఫొటో పెట్టి, ఏ ఊరు, ఏ గుట్ట అని రాస్తారు. దాన్ని మీ స్నేహితుడొక్కడే చూడడు. అమ్ముకునేవాడు కూడా చూస్తాడు. దేవాంగ పిల్లిని మూఢనమ్మకాలతో పట్టుకునేవాళ్లున్నారు, నక్షత్ర తాబేలును దేశాలు దాటించేవాళ్లున్నారు. ఫోన్‌లో లొకేషన్ ఆపేసి తీయండి. చోటు రాయాల్సి వస్తే జిల్లా పేరు రాయండి, చాలు.

ఇక అసలు విషయానికి వస్తాను. దీని కోసమే అంశం మార్చుకున్నాను.

మన పిల్లవాడొకడు, ఊరు చెప్పను, పేరు చెప్పను, ఇంటర్ చదువుతున్నాడు. చేలో ఉడుము కనబడితే తోక పట్టుకుని ఎత్తి రీల్ చేశాడు. దాన్ని చంపలేదు, కొట్టలేదు, అక్కడే వదిలేశాడు. వీడియో తిరిగి తిరిగి ఎవరికో చేరింది. ఇంటికి వచ్చారు. ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పులికి ఉన్న రక్షణే దానికీ. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడమూ వేటే, పిట్ట గుడ్లను, గూటిని కదిలించడమూ వేటే. వాడి నాయన అప్పు చేసి తిరిగాడు. పరీక్షలు పోయాయి. అదే వీడియో పట్నంలో ఇంకెవరి పిల్లవాడైనా పెట్టి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు, ఊహించగలను. మీరూ ఊహించగలరు.

ఎందుకంటే మన మీద ఒక పాత ముద్ర ఉంది. 1871లో తెల్లవాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. ఎరుకలవాళ్లను, యానాదుల్లో కొందరిని అందులో చేర్చారు. పుట్టుకతోనే దొంగలని రాసి, ఊరు దాటాలంటే హాజరు వేయించుకోమన్నారు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. చట్టం పోయినంత తొందరగా చూపు పోలేదు. అడవి అంచున మన పిల్లవాడు తిరిగితే ఎందుకు తిరుగుతున్నావని అడుగుతారు. కాబట్టి నా మాట వినండి. అభయారణ్యంలోకి, జాతీయ వనంలోకి అనుమతి లేకుండా పోకండి. ఫొటోలు తీయడానికి, పరిశోధనకు అనుమతి ఇచ్చే ఏర్పాటు చట్టంలోనే ఉంది, కాగితం మీద అడగండి. ఆ కాగితం జిరాక్సు జేబులో పెట్టుకోండి. అనుమతి రాకపోతే బీడు ఉంది, చెరువు ఉంది, బడి వెనక తుమ్మచెట్టు ఉంది.

ఏనుగు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 1980ల్లో కౌండిన్యలోకి ఏనుగులు తిరిగి వచ్చాక పలమనేరు వైపు రైతులు పంటలు, ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. అక్కడ ఏనుగు కనబడగానే మోటారు సైకిళ్ల మీద వెంటపడి వీడియో తీసేవాళ్లున్నారు. ఏనుగు చెవులు విప్పి నిలబడి, తల ఎత్తి చూస్తుంటే అది ఫొటోకు నిలబడలేదు. పొమ్మంటోంది. మనవాళ్లకు ఆ భాష వచ్చు. పక్కవాడికి చెప్పి వెనక్కి లాక్కురండి. అలిపిరి నడకదారిలో 2023 ఆగస్టులో చిరుత ఒక చిన్నపిల్లను చంపిన తరవాత అడవి శాఖ అక్కడ కెమెరా ట్రాప్‌లు పెట్టింది, ఏ దారిన ఏ జంతువు వస్తోందో చూడటానికి. అట్లాంటి కెమెరాను ఎక్కడ కట్టాలో చెప్పాలంటే దారి తెలిసిన కన్ను కావాలి. అది మీ కన్ను ఎందుకు కాకూడదు?

ఆ కన్నుకు ఇంకో బేరం కూడా వస్తుంది. అడవి దారి తెలిసినవాడు, బరువు మోయగలిగినవాడు, డబ్బు అవసరమున్నవాడు, ఇట్లాంటి పిల్లల కోసం ఎర్రచందనం దళారులు వెతుకుతుంటారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు, వాళ్లలో కొండ మీది గిరిజనులూ ఉన్నారు. దుంగ కొన్నవాడు ఆ రోజు ఎక్కడ ఉన్నాడో మనకెవరికీ తెలియదు. ఈ బేరం ఏ పేరుతో వచ్చినా, "ఒక్క రాత్రి పని" అని వచ్చినా, ఇంటికి వచ్చి మాకు చెప్పండి.

మంచి బేరాలు కూడా ఉన్నాయి. మనలాగే పాములు, ఎలుకలు తెలిసినవాళ్లు తమిళనాడులో ఇరులవాళ్లు. పాము తోళ్ల కోసం వేటాడేవాళ్లు, 1972 చట్టంతో ఆ బతుకు ఆగిపోయింది. 1978లో రోములస్ విటేకర్ అనే పాముల నిపుణుడి సాయంతో చెన్నై దగ్గర సహకార సంఘం పెట్టుకున్నారు. లైసెన్సుతో పాము పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. వాళ్లలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆఫ్రికాలో కలహారి ఎడారిలో చదువు రాని జాడగాళ్ల కోసం 1990ల్లోనే బొమ్మలతో నడిచే చిన్న కంప్యూటరు ప్రోగ్రాము తయారైంది. జంతువు బొమ్మ నొక్కితే చాలు, చూసిన చోటు నమోదవుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అరుణాచల్ కథ. అక్కడ బుగున్ అని ఒక చిన్న తెగ. వాళ్ల అడవిలో రమణ ఆత్రేయ అనే ఆయన ఒక కొత్త పిట్టను చూశాడు. లోకానికి కొత్త పిట్ట అని చెప్పాలంటే ఒకదాన్ని చంపి, తోలు మ్యూజియంలో పెట్టడం పాత పద్ధతి. పిట్టలు మరీ తక్కువ ఉన్నాయని ఆయన చంపలేదు. ఫొటోలు, నాలుగు ఈకలు, కూత రికార్డులతోనే 2006లో లోకానికి చెప్పాడు. దానికి బుగున్ అని ఆ తెగ పేరు పెట్టాడు. తరవాత బుగున్లు తమ ఊరి అడవిలో కొంత ఆ పిట్ట కోసం తామే రిజర్వుగా పెట్టుకున్నారు. ఒక పిట్టకు తెగ పేరు. మన తెగల పేర్లు ఇన్నాళ్లూ ఏ పుస్తకాల్లో, ఏ రిజిస్టర్లలో రాశారో ఇందాకే చెప్పాను.

ఎక్కువ సమయం తీసుకున్నాను, అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. ఒక్క సంగతి చెప్పి కూర్చుంటా.

మా హాస్టల్లో పాత సరుకుల రిజిస్టరు వెనక ఖాళీ పేజీల్లో పిల్లలు పిట్టల లెక్క రాస్తున్నారు. తేదీ, టైము, ఎండా మబ్బా, ఏం చూశాం, అది ఏం చేసింది. "అందమైన పిట్ట" అని రాస్తే నేను కొట్టేస్తాను. ఏం చేసిందో రాయమంటాను. ఈ నెల మా కన్ను బావి దగ్గర ఈతచెట్టు మీద ఉంది. గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. మగవాడు చెరకాకు చీల్చి తెచ్చి సగం గూడు అల్లి, దానికి వేలాడుతూ రెక్కలు కొట్టి పిలుస్తాడు. ఆడది వచ్చి లోపల దూరి చూస్తుంది. నచ్చితేనే మిగతా సగం కడతాడు, కట్టాక ఇంకో చోట ఇంకో గూడు మొదలుపెడతాడు. అల్లిక ఎంత బాగుందన్నదాని కన్నా గూడు ఏ చోట కట్టాడన్నదే ఆడపిట్ట ఎక్కువగా చూస్తుందని పరిశోధకులు రాశారు. మా పిల్లలు అది నిజమా కాదా చూస్తున్నారు. గూళ్లకు నంబర్లు వేసుకున్నారు, దూరం నుంచి ఒకే చోట నిలబడి రోజూ ఒక ఫొటో తీస్తున్నారు.

నిన్నటి పేజీలో ఎనిమిదో తరగతి పిల్ల ఇట్లా రాసింది: "ఉదయం 6:40. మబ్బు. 4వ నంబరు గూడు దగ్గరికి ఆడది మూడోసారి వచ్చి పోయింది. మగవాడు 5వ నంబరు వాడి గూటిలో నుంచి ఆకు పీకి తన గూటికి తెచ్చుకున్నాడు. 5వ నంబరు వాడు చూడలేదు." కింద వేరే రంగు పెన్నుతో ఇంకో పిల్ల రాసింది: "చూశాడు. ఊరకున్నాడు. ఎందుకో రేపు చూడాలి."

ఆదివారం పొద్దున్నే ఆరు గంటలకు బావి దగ్గర ఉంటాం. మన సంఘం పిల్లలు ఎవరైనా రావచ్చు, అమ్మానాయనలకు చెప్పి రండి. నోటు పుస్తకం తెచ్చుకోండి. ఫోన్ తెచ్చుకోండి, సైలెంట్‌లో పెట్టి.